ఏలియా పాస్టరన్న తలపై ఎవరి చేతులు?

ఈ వ్యాసంలోని ప్రతి అక్షరమూ సత్యమని మా ఊరి పోచమ్మ సాక్షిగా, కన్నతల్లి సాక్షిగా, ఖతర్‌లో ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న బస్సు స్టీరింగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. క్యాంపులో నన్ను ‘కోతల గంగారాం’ అంటారని నాకు తెలుసు. ఇసుక తుపానులో కళ్లు మూసుకొని బస్సు నడిపానని, సముద్రంలో పడిపోయిన నా టిఫిను డబ్బాను ఓ పెద్ద చేప తిరిగి తెచ్చి ఇచ్చిందని నేను చెప్పిన మాట వాస్తవమే. అవి పొద్దుపోని వేళల ముచ్చట్లు. ఇది కన్నుమూసిన ఒక పుణ్యపురుషుని సంగతి. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా పెడతాను. పరాయి దేవుని గ్రంథం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే ధైర్యం ఏ పోచమ్మ భక్తుడికీ ఉండదు.

మా ఏలియా పాస్టరన్న ఇక లేడు. ఆ రోజు డ్యూటీ బస్సు కదిలే వేళకు బర్వా అల్ బరాహా క్యాంపు ముందర ఇంజను ఆన్‌లో పెట్టి హారన్ కొట్టాను. బస్సు నిండింది గానీ నా వెనక సీటు ఖాళీగా ఉంది. అది పాస్టరన్న సీటు. ఎక్కగానే నా భుజం తట్టి “గంగన్నా, ఈ పూట ఏం కోత కోస్తవు?” అని అడగనిదే కూర్చునేవాడు కాదు. అతని గదిలోనే ఉండే నిజామాబాదు ఎలక్ట్రీషియన్ ఖాజా భాయ్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

“గంగన్నా, ఇంజన్ బంద్ చెయ్యి. పాస్టరన్న లేస్తలేడు.”

“జర లేపు భాయ్. యల్లా యల్లా, నడు నడు అను, లేస్తడు. లేటయితే ఫోర్‌మన్ నన్ను తింటడు.”

ఖాజా బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. “నేను లేపితే లేచే నిద్ర కాదన్నా అది” అన్నాడు.

నేను ఇంజను ఆపేశాను. ఆ మాట విన్న క్షణం నుంచి ఈ అక్షరాలు రాస్తున్న క్షణం దాకా నా మనసు దుఃఖంతో కంటే కోపంతోనే ఎక్కువగా మండుతోంది. ఎందుకో చెబుతాను.

మొదటి కోపం చిన్నది. కాగితం మీద ‘సహజ మరణం’ అని రాశారు. ముట్టుకుంటే చర్మం అంటుకుపోయే ఇనుపకడ్డీలను మిట్టమధ్యాహ్నపు ఎండలో వంగి తీగతో ముడివేస్తూ, లోకమంతా చూడబోయే బంతాటల మైదానం కింద పునాదిలో తన ఆయుష్షు పోసినవాడు యాభై దాటీ దాటకుండానే నిద్రలో పోతే అది సహజమట! ఎండ సహజం. కంపెనీ సహజం. మేమే కాస్త అసహజం.

రెండో కోపం పెద్దది. అది పరాయి దేశం మీద కాదు, సొంత ఊరి మీద. పాస్టరన్నది గోదావరి ఒడ్డున, మంచిర్యాల వైపు ఒక ఊరు. అక్కడి చర్చి వెనక సమాధుల తోటలో వేపచెట్ల కింద ‘అయ్యగార్ల వరుస’ అని ఒకటుంది. ఆ సంఘాన్ని కాచిన పాస్టర్లందరూ అందులోనే విశ్రమిస్తున్నారు. పాస్టరన్న తాత అక్కడ ఉన్నాడు. తండ్రి అక్కడ ఉన్నాడు. తండ్రి పక్కన చోటూ ఉంది. మేం క్యాంపు నుంచి సాగనంపిన పెట్టె ఊరు చేరేసరికి సంఘపెద్దలు గుంతను ఆ వరుసలో తవ్వించలేదు. దూరంగా, ప్రహరీగోడ మూలన తవ్వించారు. ‘సహోదరుడు ఏలియా’ అని ప్రార్థన చేసి, మట్టి కప్పి, ఇళ్లకు పోయారు.

ఆ తర్వాత పాస్టరన్న భార్య శాంతమ్మ నాకు ఫోను చేసింది.

“గంగన్నా, రాయి చెక్కేటాయన అడుగుతుండు, పేరు ముందర ఏం చెక్కాలె అని. పాస్టర్ అని చెక్కుమన్న. పెద్దలు అడ్డం వడ్డరు. ఉత్త పేరే చెక్కాల్నట. ఈ మనిషి ఇన్నేండ్లు ఆడ ఏం జేసిండన్నా? ఆడ పాస్టర్ పని ఉన్నదని నాకు జెప్పింది నిజమేనా? పాస్టర్ గాకపోతే నాకు దూరంగ ఎందుకున్నడు మరి?”

ఆ చివరి ప్రశ్నకు కోత కోయబుద్ధి కాలేదు. వెంటనే సంఘ కార్యదర్శి జయానందంగారి నంబరు తీసుకొని ఫోను చేశాను. ఆయన పెద్దమనిషి, రిటైరైన పంతులు, మర్యాదగానే మాట్లాడారు.

“చూడండి గంగారాంగారూ, ఏలియా మంచివాడే. కాదనడం లేదు. కానీ పాస్టర్ అనే మాట ఊరికే వచ్చేది కాదు. అభిషేకం జరగాలి. తలమీద చేతులుంచాలి. మీవాడి మీద ఎవరు చేతులుంచారు?”

“సార్, ఆయన మమ్మల్నందర్ని సూసుకున్నడు.”

“చూసుకోవడం వేరు బాబూ. చేతులుంచిందెవరు? అది చెప్పండి. వచ్చే ఆదివారం సంఘం కూర్చుంటోంది. ఆలోచిస్తాం.”

సరే, ఆదివారం లోపల చెబుతాను. మన తెలుగు కార్మికులం వేసుకుంటున్న ఈ సంస్మరణ సంచికను జయానందంగారి చేతికి, సంఘపెద్దలందరి చేతులకు అందేటట్టు పంపిస్తున్నాం. అయ్యలారా, కళ్లజోళ్లు పెట్టుకొని చదవండి.

మొదట మీరు మరిచిపోయిన మీ చరిత్రనే మీకు చెబుతాను. పాస్టరన్న తాత పేరు మల్లయ్య. ఊరి బయటి వాడలో పుట్టి, బాప్తిస్మంతో మోషే అయ్యాడు. ఆ కాలంలో మీ ఊరు క్రైస్తవానికి చిట్టచివరి ఊరు. ఊరి ముందర గోదావరి, ఏరు దాటితే అడవి, గోండు గూడేలు, చలిజ్వరం. మిషను బంగళాలోని తెల్లదొర ఏటి ఒడ్డుదాకా వచ్చేవాడు గానీ జ్వరానికి జడిసి ఏరు దాటేవాడు కాదు. ఒకనాడు ఆ దొర ఒడ్డున నిలబడి, మోషే తలపై రెండు చేతులూ ఉంచి, “నువ్వు పో” అన్నాడట. దొర బంగళాకు పోయాడు. మోషే తాత హార్మోనియం నెత్తిన పెట్టుకొని తెప్ప ఎక్కాడు. నడి ఏట్లో తెప్ప తిరగబడింది. తాత ఈదుకుంటూ అవతలి ఒడ్డు చేరేసరికి హార్మోనియం ఆయన కంటే ముందే చేరి, నీళ్లు కక్కుతూ, తనంతట తానే ఒక స్వరం పలుకుతోందట. ఈ సంగతి పాస్టరన్న నాకు చెప్పాడు. నేను కల్పించింది కాదు. కల్పిస్తే రెండు స్వరాలు పలికించేవాణ్ని.

ఆ గూడేల్లో తాత పాట ఎత్తుకుంటే పులి వచ్చి గుడిసె బయట కూర్చునేదట. పాట అయిపోగానే లేచి పోయేదట. దీని మీద పాస్టరన్న ఒక మాట అనేవాడు: “కానుకల సంచి బయటికి తియ్యంగనే లేసిపోయేది పులొక్కటే కాదు గంగన్నా.” తాత వెంట నాయనమ్మ రూతమ్మ కూడా ఏరు దాటింది. ఆమె బైబిలు స్త్రీ. ఒక చేత వాక్యం, ఒక చేత ఆముదం సీసా. వాక్యం విననివాళ్లు కూడా పురుడుకు ఆమెనే పిలిచేవారట. ఈనాడు సంఘంలో కూర్చొని ఏలియాకు చోటు లేదన్న పెద్దల తాతముత్తాతల్లో కొందరి బొడ్డు కోసింది ఆ తల్లే. మీ ఇళ్లలో ముసలివాళ్లు బతికి ఉంటే అడగండి.

తాత కొడుకు దానియేలు అయ్యగారు బొగ్గుగనుల బస్తీలలో తిరిగాడు. గనిలోకి దిగే కూలీలకు గని గడప మీదే ప్రార్థన చేసేవాడు. పైకి వచ్చినవాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. ఎన్నో ఏళ్లు అభిషేకం లేని ఉత్త ఉపదేశిగా తిప్పించుకొని, జుట్టు నెరిశాక ఒక బిషప్పుగారు జీపులో వచ్చి ఆయన తలపై చేతులుంచారు. ఆయన కొడుకే మన ఏలియా. బైబిలులో ఎక్కడ వేలు పెట్టినా కంఠతా చెప్పే ఏలియాకు పదో తరగతి లెక్కలు మాత్రం ఒంటబట్టలేదు. పది తప్పినవాడికి పాస్టర్ చదువు ఎలా చెప్పిస్తామని మీ పెద్దలే కదా వెనక్కి పంపారు? యేసుక్రీస్తు ఏ బళ్లో పది పాసయ్యాడని ఆనాడు ఎవరైనా అడిగారా? అడగలేదు. ఏలియా తలవంచుకొని ఇంటికి వచ్చాడు. కొన్నేళ్లు సెంట్రింగ్ పనులు చేసి, అందరిలాగే వీసా దొరికించుకొని ‘దుబాయ్’ పోయాడు. మన ఊళ్లల్లో ఖతర్ అయినా, కువైట్ అయినా దుబాయే కదా.

ఇక్కడ ఏలియా స్టీల్ ఫిక్సర్. కడ్డీలను తీగతో ముడివేసే పని. నడుముకు తీగచుట్ట, చేతిలో కొక్కెం. పని చేసేటప్పుడు పాడేవాడు, తినేటప్పుడు వాదించేవాడు, బస్సెక్కి నా కోతలు వినేవాడు. పాస్టర్ అని తనను తాను ఏనాడూ అనుకోలేదు. అలాంటివాడు పాస్టరన్న ఎలా అయ్యాడో, జయానందంగారూ, మీరు అడిగిన చోటికే ఇప్పుడు వస్తున్నాను.

పెద్దపల్లి వైపు తాపీమేస్త్రి సామేలు ఎండదెబ్బకు సైటులో కూలిపోయి ప్రాణం విడిచాడు. కాగితాలన్నీ అయ్యాయి, మర్నాటి విమానానికి పెట్టె పంపాలి. మూత బిగించేముందు ఎవరైనా పాస్టర్‌తో ప్రార్థన చేయించమని అతని భార్య ఫోనులో ఏడ్చింది. నగరంలోని తెలుగు పాస్టరుగారు సెలవు మీద దేశం పోయి ఉన్నారు. నేను మావాళ్లను బస్సులో ఎక్కించుకొని మార్చురీకి తీసుకుపోయాను. బస్సు ఆగింది. అందరి చూపులూ నా వెనక సీటు మీదే. ఏలియా రెండు చేతులూ జోడించాడు.

“నాతోని గాదు గంగన్నా. నా మీద ఎవ్వరు చేతులుంచలే.”

“చేతులుంచుడేందివయా?” అని అడిగాడు పోశెట్టి. ఇతను జగిత్యాల వైపు మేస్త్రి, మా అందరికంటే వయసులో పెద్దవాడు, మెడలో మైసమ్మ తాడు ఉంటుంది.

“తల మీద చేతులు వెట్టి, ఇగ నువ్వు పో, ఈ మందను సూసుకో అని పంపాలె. అట్ల పంపనోడు పాస్టర్ గాదు. మా తాతకు దొర వెట్టిండు. నాయినకు బిషప్పు వెట్టిండు. ఈ ఎడారిల నాకెవ్వరున్నరు పోశెట్టన్నా?”

సరిగ్గా అప్పుడే దైవలీల జరిగింది. ఆసుపత్రిలో ఎవరినో పరామర్శించడానికి వచ్చిన ఒక వృద్ధ మలయాళీ బిషప్పుగారు తెల్లని అంగీతో, ఊదారంగు నడికట్టుతో మా బస్సు పక్కగా నడిచి పోతున్నారు. మా ఏడుపులు విని ఆగారు. కిటికీలోంచి తొంగిచూసి, సంగతి కనుక్కొని, అంగీ కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని బస్సెక్కారు. ఆయన వేలికి పెద్ద రాయి ఉంగరం. చేతులు పత్తిలా మెత్తగా ఉన్నాయి. ఆ మృదుహస్తాలు రెండూ ఏలియా శిరస్సుపై నిలిచాయి. తమ భాషలో చాలాసేపు ప్రార్థించి, చివర మనకు అర్థమయ్యేలా “వెళ్ళుము, మందను కాయుము” అన్నారు. బస్సంతా ‘ఆమెన్’ అంది. పోశెట్టి కూడా అన్నాడు. ఏలియా లేచి, కళ్లు తుడుచుకొని, బస్సు దిగి సామేలు దగ్గరకు పోయాడు. పోయేముందు నడుముకున్న తీగచుట్ట తెంపి చిన్న సిలువ ముడివేశాడు. దాన్ని సామేలు గుండెల మీద పెట్టి ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన విన్న మార్చురీ కాపలాదారు, అతనిది ఏ దేశమో ఏ భాషో, టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

దిగినవాడు ఏలియా. తిరిగి బస్సెక్కినవాడు పాస్టరన్న.

అప్పటి నుంచి ఇక్కడ అందరికీ సెలవైన శుక్రవారం అతనికి సెలవు లేదు. నగరంలో చర్చీలన్నీ ఒకే ప్రహరీలో ఉన్నాయి, పోగలిగినవాళ్లు పోతారు. పోలేనివాళ్లు ఎక్కడెక్కడున్నారో వెతకడమే పాస్టరన్న పరిచర్య. తాత ఏరు దాటితే మనవడు ఇసుక దాటాడు. ఉత్తరాన దూరంగా ఉన్న మదీనత్ అల్ షమాల్ ఊరి దగ్గర పని ఆగిపోయి అందరూ ఖాళీచేసిన క్యాంపులో, కాగితాలు లేక చిక్కుకుపోయిన ఇద్దరు మనవాళ్లున్నారని తెలిస్తే బియ్యం మూట భుజాన వేసుకొని పోయాడు. వాళ్లు క్రైస్తవులు కారు. “మనోళ్లు గాదు గదా అన్నా, గంత దూరం ఎందుకు?” అని బస్సులో ఎవడో అన్నాడు. పాస్టరన్న గయ్యిన లేచాడు. “ఆకలైతే మనోడే. కడుపు నిండినంక సూద్దాం ఎవనోడో.”

మాలో ఎవరినీ మతం మారమని అతను అడగలేదు. నేనే ఒకసారి కదిపాను. “పాస్టరన్నా, నన్ను మీ యేసయ్య మందల కలుపుకోవా ఏంది?” అన్నాను. “నిన్ను పంపింది పోచమ్మ. నన్ను పంపింది యేసయ్య. పంపినోళ్ల సంగతి వాళ్లు వాళ్లు సూసుకుంటరు గంగన్నా. వచ్చినోళ్ల సంగతి మనం సూసుకోవాలె” అన్నాడు. తీగతో నాకు చిన్న త్రిశూలం అల్లి ఇచ్చాడు కూడా. అది ఇప్పటికీ స్టీరింగు పక్కన వేలాడుతోంది.

అల్ షహానియాలో ఒంటెల పెంపకం ఉంది. అక్కడ కొట్టాల దగ్గర మా జగిత్యాల జిల్లా రాజం ఒక్కడే ఒంటెలను కాస్తూ, తెలుగు మాట చెవిన పడక మూగవాడైపోతున్నాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకొని పోయాడు పాస్టరన్న. రాజం మమ్మల్ని చూసి మొదట మాట్లాడలేకపోయాడు. పెదవులు ఆడుతున్నాయి గానీ మాట రాలేదు. పాస్టరన్న తొందరపెట్టలేదు. ఇసుకలో కూర్చొని పాట ఎత్తుకున్నాడు. పాట అయి ‘ఆమెన్’ అనేసరికి వరుసగా నిలబడ్డ ఒంటెలన్నీ, ఎవరూ అదిలించకుండానే, ముందుకాళ్లు మడిచి మోకరించాయి. నేను నోరు తెరిచాను. రాజం నవ్వాడు. ఆ నవ్వులోంచే అతనికి మాట వచ్చింది. “అన్నా, మీరు ఏ ఊరోళ్లు?” అన్నాడు. పాస్టరన్న మాత్రం ఒంటెలను చూసి మురిసిపోలేదు. “మోకాళ్లు వంచుడు ఒంటెకు అల్కనే గంగన్నా. మనిషికే కష్టం” అన్నాడు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగులుగాక.

శాంతస్వభావుడని రాస్తారేమో రేపు ఎవరైనా. కాదు. మహా కోపిష్ఠి. బంతాటల వేడుక దగ్గర పడుతోందని క్యాంపులు చూడటానికి పరదేశపు పెద్దమనుషులు వస్తారన్నారు. ముందురోజు గోడలకు సున్నాలు, మెట్ల పక్కన పూలకుండీలు. వాళ్లు ఫోటోలు తీసుకొని వెళ్లగానే లారీ వచ్చి కుండీలను ఎత్తుకుపోసాగింది. అవి అద్దెకు తెచ్చినవట! పాస్టరన్న పరుగెత్తి చివరి కుండీని పట్టుకున్నాడు. క్యాంప్ బాస్ ఒకవైపు లాగుతున్నాడు, పాస్టరన్న ఒకవైపు.

“ఛోడో! యే కంపెనీ కా నహీఁ హై!”

“మేము గూడ కంపెనీ సొత్తు గాదు! పూలు సూపిచ్చి తీస్కపోతరా? మేమేమన్న పసిపోరగాళ్లమా?”

మేమందరం వచ్చి చుట్టూ నిలబడ్డాం. బాస్ చెయ్యి వదిలేశాడు. ఆ కుండీ పాస్టరన్నకు వేదిక అయింది. తన వాటా నీళ్లలోంచి దానికి పోసేవాడు. శుక్రవారం దాని అంచు మీదే బైబిలు ఆనించి ప్రసంగించేవాడు. ఆ మొక్క ఇప్పుడు ఖాజా భాయ్ కిటికీలో ఉంది. నీళ్లు పోసే వంతు ఈ వారం నాది.

ఇంకొక్క సంగతి. క్యాంపులో ఎవరు పోయినా ఊరికి ఆ కబురు చెప్పే పని అతనే చేసేవాడు. ఆ ఇంటి మధ్యాహ్న భోజనాలయ్యే దాకా ఆగేవాడు. కబురు విన్నాక ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు కాబట్టి, ఆ ఒక్క పూట అయినా తిననివ్వాలనేవాడు. ముందు “అన్నం తిన్నవా చెల్లే?” అని అడిగేవాడు. తర్వాత “ఇంట్ల ఇంకెవరున్నరు? పిలిచి పక్కన కూసోవెట్టుకో” అనేవాడు. ఆ తర్వాతే కబురు. మీ సంఘంలో ఎవరికైనా ఈ విద్య ఏ పాఠశాలలోనైనా నేర్పారా?

అతను పోయిన రోజు ఆ పని నా పాలబడింది. నేర్పినట్టే చేశాను. మధ్యాహ్నం దాకా ఆగి ఫోను చేసి, “వదినా, అన్నం తిన్నవా?” అన్నాను. అతను తన పద్ధతిని ఆమెకు ఏనాడో చెప్పి ఉంటాడని నాకు తట్టలేదు. “గంగన్నా,” అంది శాంతమ్మ, “పక్కన ఎవ్వరు లేరు. అయినా చెప్పు.”

అలాంటివాడి పేరు ముందర ఒక్క మాట చెక్కడానికి మీ రాయి అరిగిపోతుందా? అతను పోయాక క్యాంపులో మళ్లీ ఒకడు పోయాడు. ఎవరు కబురు చెప్పాలో తెలియక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడు తెలిసింది మేం ఎవరిని పోగొట్టుకున్నామో. తీగను ముడివేయడం ఎవరికైనా వస్తుంది. మనుషులను ముడివేసిన ఆ పనితనం మళ్లీ దొరకదు. ఆ మహనీయునికి మా బస్సు బస్సంతా లేచి నిలబడి నివాళి అర్పిస్తోంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేకపోతున్నాను. బైబిలు మీద చెయ్యి పెట్టమంటే పెడతానన్నాను గానీ, పెట్టలేదు. గమనించే ఉంటారు.

ఒంటెలు మోకరించింది నిజం. కుండీ నిజం. హార్మోనియం పాస్టరన్న చెప్పినట్టే చెప్పాను. బిషప్పుగారే అబద్ధం.

ఏ మలయాళీ బిషప్పూ మా బస్సు ఎక్కలేదు. ఎందుకు కల్పించానంటారా? ఆ బస్సులో నిజంగా ఏం జరిగిందో ముందే రాస్తే మీరు అక్కడే సంచిక మడిచి పక్కన పెట్టేవారు. ఊదారంగు నడికట్టు కనబడగానే నిటారుగా కూర్చొని ఇంతదాకా చదివారు. ఇక మిగిలింది కూడా చదవండి.

“ఈ ఎడారిల నాకెవ్వరున్నరు” అని ఏలియా అన్నప్పుడు పోశెట్టి సీటులోంచి లేచాడు.

“గింతేనా? చేతులే గదా కావాలె? మనకు చేతులకు కరువా? కంపెనీ మనల్ని తెచ్చుకున్నదే చేతుల కోసం!”

“అట్ల గాదు పోశెట్టన్నా. పెద్దలు వెట్టాలె.”

“నాకు మనుమలున్నరు. ఈ బస్సుల నాకంటె పెద్దోడు ఎవడున్నడో లేవుమను.”

ఎవరూ లేవలేదు. పోశెట్టి సిమెంటు తిని పగుళ్లిచ్చిన తన రెండు చేతులూ ఏలియా తలమీద పెట్టాడు. నేను డ్రైవరు సీటులోంచి వెనక్కి తిరిగి, డీజిలు వాసన కొట్టే చెయ్యి పెట్టాను. ఖాజా భాయ్ వెనకాడాడు. “నేను పెట్టొచ్చునా?” అన్నాడు. ఏలియా కళ్లు మూసుకొని ఏడుస్తున్నాడు, కాదనలేదు. ఖాజా పెట్టాడు. అందనివాళ్లు ముందువాళ్ల భుజాల మీద చేతులు వేశారు. అలా చివరి సీటు దాకా. “వైరింగ్ అయ్యింది. పోశెట్టన్నా, స్విచ్ వెయ్యి” అన్నాడు ఖాజా, ముక్కు తుడుచుకుంటూ. పోశెట్టికి మంత్రాలు తెలియవు. “పో బిడ్డా,” అన్నాడు, “సామేలు కాడికి పో. పోయి, మావోళ్లందర్ని నువ్వే సూసుకో.”

అంతే జరిగింది. దొర తాతతో అన్నదీ అదే మాట కదా.

ఈ సంగతి నగరంలోని చర్చి పెద్దలకూ తెలిసింది. “నీ మీద ఎవరు చేతులుంచారు?” అని వాళ్లూ అడిగారు. పాస్టరన్న దాచకుండా చెప్పాడు. నవ్వారట. ఆ రోజు అతను బస్సులో తలవంచుకొని కూర్చుంటే, నాకు ఒళ్లు మండి, ఈ బిషప్పుగారిని అప్పటికప్పుడు తయారుచేసి అతనికి అప్పగించాను. ఉంగరంతో సహా. “ఇగ ఎవడడిగినా ఈయన పేరు చెప్పు, మాఫీ ముష్కిల్, ఏ తిప్పలుండది” అన్నాను. పాస్టరన్న మొత్తం విన్నాడు. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

“నీ బిషప్పు మంచోడే గని గంగన్నా, వద్దు. ఆయన చేతులకు కాయలు లెవ్వు.”

అందుకే ఈ పూట నా బిషప్పును నేనే వెనక్కి తీసుకుంటున్నాను.

జయానందంగారూ, చేతులుంచిందెవరని అడిగారు. అవి మావి. సిమెంటువి, డీజిలువి, కరెంటువి. మీకు చాలకపోతే చాలవనండి. రాయి మీద ఉత్త పేరే చెక్కించండి. ఏడాదికి మాలో ఒకరికో ఇద్దరికో సెలవులు దొరుకుతూనే ఉంటాయి. ముందు పోశెట్టి వస్తాడు. ఆ తర్వాత నేను, ఖాజా, రాజం. ఒక్కొక్కరం మీ సమాధుల తోట గేటు తోసుకొని, అయ్యగార్ల వరుస దాటి, గోడ మూలకు పోయి, ఆ రాయి మీద చెయ్యి పెట్టి వస్తాం. శాంతమ్మ వదినా, గేటు తాళం వేయనియ్యకు. మేం వస్తున్నాం.